రో హౌస్ ప్రాజెక్టులో పార్కు జాగాలో ఎనిమిది ఇళ్లకు కొత్త ప్లాన్ అప్రూవ్ అయింది, సంతకం పెట్టని మేం ఏం చేయాలి? తిరుపతి

లెక్కల టీచర్

తిరుపతి బయట, చంద్రగిరి వెళ్లే వైపు ఒక రో హౌస్ ప్రాజెక్టులో ఇల్లు తీసుకున్నాం. బిల్డర్ పేరు, ప్రాజెక్టు పేరు ఇక్కడ పెట్టను, దయచేసి అడగొద్దు. రెండెకరాల పాతిక సెంట్లలో మొత్తం 38 ఇళ్లు. ఒక్కోటి 40 అంకణాలు. మన తిరుపతి అంకణమే లెండి, 36 చదరపు అడుగులది. నెల్లూరు వాళ్లు వాళ్ల 72తో గుణించి కంగారు పడకండి. గజాల్లో చెప్పాలంటే 160. కింద హాలు, వంటిల్లు, ఒక గది, పైన రెండు గదులు. పక్కింటి వాళ్ల గోడా మన గోడా ఒకటే. మా ఆయనది రేణిగుంటలో ప్రైవేటు ఉద్యోగం, నేను గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

ఇన్ని ఇళ్లలో ఆ ఇంటినే పట్టుబట్టి తీసుకున్నది ఎదురుగా పార్కు ఉందని. తూర్పు గుమ్మం, ముందు రోడ్డు, రోడ్డుకు అవతల సుమారు 1,500 గజాల పార్కు, దాని మూలలో చిన్న క్లబ్ హౌస్. ఊరికే ఏమీ ఇవ్వలేదు, రసీదులో ‘పార్క్ ఫేసింగ్ చార్జీ’ అని వేరే లైను వేసి మరీ తీసుకున్నారు. మా అత్తయ్య అయితే గృహప్రవేశం కూడా కాకముందే ఆ పార్కులో ఏ మూల కూర్చోవాలో నిర్ణయించేసుకున్నారు.

మా ఇంటికి పై స్లాబు పడింది. క్యూరింగ్ చూద్దామని వెళ్తే పార్కు జాగాలో ముగ్గు పోసి ఉంది. వరసగా గళ్లు, గళ్ల మూలల్లో మేకులు, మేకులకు దారం. మేస్త్రీని అడిగితే ఏమీ దాచకుండా, “ఇంకో ఎనిమిది ఇళ్లు మేడమ్, మీకు చెప్పలేదా?” అన్నాడు. సైట్ ఆఫీసులో గట్టిగా అడిగితే సవరించిన ప్లాన్ జిరాక్స్ ఒకటి ఇచ్చారు. స్టాంపు, సంతకాలు, అనుమతి నంబరు అన్నీ ఉన్నాయి.

ఇంటికొచ్చి పాత ప్లాన్, కొత్త ప్లాన్ పక్కపక్కన పరిచి స్కేలు పెట్టి కూర్చున్నాను. ప్లాన్ల మూలలో ‘ఏరియా స్టేట్‌మెంట్’ అని చిన్న పట్టిక ఉంటుంది, అసలు కథ అంతా అందులోనే ఉంది. పాతదాంట్లో ఖాళీ స్థలం గజాల్లోకి మారిస్తే 1,500. కొత్తదాంట్లో 1,090. మొత్తం స్థలం 10,890 గజాలు. అంటే గీసినట్టు పది శాతం, ఒక్క గజం తప్ప ఎక్కువ లేదు. ఆ 1,090 కూడా ఒక్క చోట లేదు. పాత పార్కులో మిగిలింది 540. తక్కిన 550 ప్రాజెక్టు వెనకాల వాన నీళ్లు పారే వంక పక్కన సన్నటి పట్టీ. ఆ పట్టీ పాత ప్లాన్‌లో ఏమిటనుకున్నారు? వెనక గేటుకు వెళ్లే రోడ్డు. కొత్త ప్లాన్‌లో గేటూ లేదు, రోడ్డూ లేదు, పచ్చరంగు వేసి చెట్ల బొమ్మలు గీశారు. క్లబ్ హౌస్ ఊసే లేదు. కొత్త ఎనిమిది ఇళ్లు ఒక్కోటి 30 అంకణాలు, అంటే 120 గజాలు.

వంక పక్కన పిల్లలు ఆడుకోవాలట! 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరు మరిచిపోయారు? స్వర్ణముఖి ఎలా వచ్చిందో, రాయలచెరువు కట్ట దగ్గర జనం ఎన్ని రాత్రులు భయపడ్డారో అందరం చూశాం. ఆ ఏడు ఈ వంక నీళ్లు పొలాల్లోకి ఎక్కాయని పక్క ఊరి రైతులే చెప్పారు.

ఇంకో సంగతి. కొత్త ఇళ్ల పక్కన వేసే రోడ్డు సరిగ్గా మా గేటు మీదికి వచ్చి ఆగుతుంది. తూర్పు ఆగ్నేయం వీధిపోటు. నాకు వాస్తు మీద పెద్ద పట్టింపు లేదు, రేపు అమ్మాల్సి వస్తే కొనేవాడికి ఉంటుంది. ఇంట్లో అత్తయ్యకు ఇప్పుడే ఉంది.

మార్కెటింగ్ అబ్బాయి ఒకే మాట అంటున్నాడు: “గవర్నమెంటే అప్రూవ్ చేసింది మేడమ్, ఇంక మీ అభ్యంతరం ఏముంది?” 38లో 33 ఇళ్లు అమ్ముడయ్యాయట, వాటిలో 22 ఇళ్ల వాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెట్టారట. మూడింట రెండొంతులు సరిపోయింది, చట్టం కూడా మా వైపే అంటున్నాడు. సంతకం పెట్టిన వాళ్లకు మాడ్యులర్ కిచెన్, చిమ్నీ ఫ్రీ అని మా వాట్సాప్ గ్రూపులో తరువాత తెలిసింది. మాకూ కాగితం పంపారు, మేం పెట్టలేదు.

నిజంగా అప్రూవల్ వచ్చేస్తే అయిపోయినట్టేనా? వంక పక్క పట్టీని పార్కు కింద ఎలా లెక్కేస్తారు? బ్యాంకు వాళ్లు తరువాతి విడత డబ్బు బిల్డర్‌కు ఇవ్వబోతున్నారు, దాన్ని ఆపమని అడగొచ్చా? తెలిసిన వాళ్లు చెప్పండి. “బిల్డర్లంతా ఇంతే” అనే ఓదార్పు మాకు గ్రూపులో కావలసినంత దొరుకుతోంది.

అవిలాల అబ్బాయి

అక్కా, ముగ్గు పోశారంటే ఇంక టైం లేదు. పునాది గుంతలు తీసి బెడ్ కాంక్రీటు పడిందంటే రేపు ఏ ఆఫీసుకు పోయినా “ఇప్పటికే కట్టేశారు కదా” అంటారు. ఈ రోజే ఫోన్లో లొకేషన్, తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ ముగ్గు, ఆ మేకులు, ఎదురుగా మీ ఇంటి గేటు ఒకే ఫొటోలో రావాలి. ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు పేజీ తెరిచి, మొదట అప్‌లోడ్ చేసిన ప్లాన్, బ్రోచరు ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. తరువాత అక్కడ ఏం ఉంటుందో ఎవరికి తెలుసు.

రిటైర్డ్ టీపీ

అమ్మా, టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఏ ఊళ్లో చేశానో చెప్పను, చెబితే తరువాతి మెసేజ్ “సార్, మా ఫైలు కాస్త చూడండి” అని వస్తుంది.

ప్లాన్ మంజూరు చేసే ఆఫీసు, అది కార్పొరేషన్ అయినా, చుట్టుపక్కల పంచాయతీలకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అయినా, చూసేది ఒక్కటే. కాగితం మీద గీసింది రూల్స్‌కు సరిపోయిందా లేదా. 2017లో వచ్చిన జీవో 119 బిల్డింగ్ రూల్స్‌లో రో హౌస్‌లకు విడిగా షరతులు ఉన్నాయి. వరసకు ఎనిమిది ఇళ్లకు మించకూడదు. వరసకూ వరసకూ మధ్య ఆరు మీటర్లు వదలాలి. ఖాళీ స్థలం పది శాతం ఉండాలి. మీ బిల్డర్ పార్కులో సరిగ్గా ఎనిమిది ఇళ్లే ఎందుకు పెట్టాడో, ఖాళీ స్థలం సరిగ్గా పది శాతం దగ్గరే ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమైందా? రూలు పుస్తకం పక్కన పెట్టుకుని గీసిన ప్లాన్ అది. ఆ రూల్స్‌ను మధ్యమధ్యలో సవరించారు కాబట్టి, మీ రెండు మంజూరు తేదీల నాటికి ఏది అమల్లో ఉందో ఒకసారి చూసుకోవాలి.

మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. వంక పక్కన పట్టీని ఖాళీ స్థలంలో కలపడం మోసం కాదు. వాగుకూ వంకకూ పక్కన వదలాల్సిన బఫర్‌ను ఖాళీ స్థలం లెక్కలో చూపించుకోవచ్చని రూల్స్‌లోనే ఉంది. ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ లెక్కలో మాత్రం చూపించకూడదు. పది మీటర్ల లోపు వెడల్పున్న వంక అయితే రెండు మీటర్లు, అంతకు మించితే తొమ్మిది మీటర్లు బఫర్ వదలాలి. మీరు స్కేలు పట్టుకునే మనిషి కాబట్టి వంక వెడల్పు ఎంత చూపించారో, నేల మీద ఎంత ఉందో కొలవండి. వెడల్పు తగ్గించి చూపించి ఉంటే అది వేరే కథ. లేదంటే ఈ పాయింటు మీద అరిచి గొంతు పాడుచేసుకోవద్దు, ఆఫీసులో ఒక్క నిమిషంలో కొట్టేస్తారు.

మీ బలం వేరే చోట ఉంది. బిల్డర్ మీకు ఏం చూపించి అమ్మాడు, దాన్ని మార్చడానికి మీరు ఒప్పుకున్నారా అన్నది మంజూరు చేసే ఆఫీసు తేల్చే సంగతి కాదు. అది రెరా చట్టం, 2016, సెక్షన్ 14. మంజూరైన ప్లాన్‌ను, లేఅవుట్‌ను, ఉమ్మడి స్థలాలను మార్చాలంటే కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ‘ముందే’ అన్నది గుర్తుపెట్టుకోండి. సవరణ మంజూరైన తేదీ ఏది, ఆ 22 సంతకాల కింద ఉన్న తేదీలు ఏవి, ముందు అది చూడండి. ప్లాన్ తెచ్చుకున్నాక సంతకాలకు తిరిగి ఉంటే వాళ్ల వాదన అక్కడే కూలిపోతుంది. చిన్న మార్పులకు మినహాయింపు ఉంది గానీ, విస్తీర్ణం పెంచడం, రాకపోకల దారి మూసేయడం చిన్న మార్పుల కిందికి రావని అదే సెక్షన్‌లో వివరణ ఇచ్చారు. మీ వెనక గేటు సంగతి అందులో పడుతుంది.

ఇంకా పెద్దది ఒకటి ఉంది. ఆ రెండొంతులు లెక్కేసేటప్పుడు ఇళ్లను లెక్కపెట్టరు, కొన్నవాళ్లను లెక్కపెడతారు. ఒకడు తన పేరునా, కుటుంబ సభ్యుల పేర్లతోనూ ఎన్ని బుక్ చేసినా ఒక్కడి కిందే లెక్క. బిల్డర్‌ను అసలు లెక్కలోకే తీసుకోరు. మీ ప్రాజెక్టులో టోకున కొన్న పెట్టుబడిదారులు ఎవరైనా ఉన్నారా?

“గవర్నమెంటే అప్రూవ్ చేసింది” అన్న ఆ అబ్బాయికి నోయిడా ఎమరాల్డ్ కోర్ట్ కథ చెప్పండి. మొదటి ప్లాన్‌లో తోట అని చూపించిన చోట రెండు టవర్లు లేపారు. సవరించిన ప్లాన్లన్నీ అక్కడి అథారిటీ మంజూరు చేసినవే. ముందే కొన్నవాళ్ల అసోసియేషన్ కోర్టుకు పోయింది. కొన్నవాళ్ల సమ్మతి లేదు, టవర్ల మధ్య ఉండాల్సిన దూరం లేదు, అధికారులు బిల్డర్‌తో కుమ్మక్కయ్యారు అని 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు వాటిని కూల్చమంది. 2022 ఆగస్టు 28న పేల్చేశారు, దేశమంతా టీవీలో చూసింది. అది మరీ పెద్ద కేసు, చట్టం కూడా ఉత్తరప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం. మీ దగ్గర అంత జరుగుతుందని నేను చెప్పడం లేదు. స్టాంపు పడినంత మాత్రాన ప్లాన్‌ను ఎవరూ కదపలేరన్న మాట మాత్రం అబద్ధం.

ఇప్పుడు పని. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ‘అన్ని కాగితాలూ ఇవ్వండి’ అని రాయొద్దు, అలా రాస్తే ఏదో ఒకటి చేతిలో పెడతారు. సవరణ కోసం బిల్డర్ పెట్టిన దరఖాస్తు, దాంతో ఇచ్చిన అఫిడవిట్, కొన్నవాళ్ల సమ్మతి అని ఏమైనా జతచేస్తే దాని నకలు, సైట్ తనిఖీ రిపోర్టు, పాత కొత్త ఏరియా స్టేట్‌మెంట్లు అని పేరుపేరునా అడగండి. ఆఫీసు వాళ్లు బిల్డర్‌కు నోటీసు ఇచ్చి అతని అభిప్రాయం అడగవచ్చు, దాంతో కొంత ఆలస్యం కావచ్చు. అందుకే దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా మంజూరు చేసిన ఆఫీసు అధిపతికి వేరే ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. తుడా పరిధి అయితే వైస్ చైర్మన్ పేరిట రాయాలి. అనుమతి పత్రం వెనక షరతులు చదవండి. తప్పుడు సమాచారం ఇచ్చి, నిజం దాచి తెచ్చుకున్న అనుమతిని రద్దు చేయొచ్చని మామూలుగా అందులో ఒక షరతు ఉంటుంది. ఆ షరతు నంబరు వేసి మరీ రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యలు తీసుకునే పీజీఆర్ఎస్‌లో అర్జీ ఇస్తే నంబరు పడుతుంది, ఫైలు కదలడానికి పనికొస్తుంది. అంతకు మించి ఆశించొద్దు.

రెరాలో ఫిర్యాదు సెక్షన్ 31 కింద. విచారణ తేలేదాకా ఆ ఎనిమిది ఇళ్ల పని ఆపమని సెక్షన్ 36 కింద మధ్యంతర ఉత్తర్వు కూడా అందులోనే అడగండి. పార్క్ ఫేసింగ్ డబ్బుకు పరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ దగ్గర వేరే దరఖాస్తు. ఆ రసీదు భద్రం అమ్మా, అది మీ ప్లాన్ల కన్నా గట్టి సాక్ష్యం.

ఎల్టీపీ కరకంబాడి రోడ్

నేను ప్లాన్లు గీసి ఆన్‌లైన్‌లో పెట్టే పని చేస్తాను, ఈ ప్రాజెక్టు నాది కాదు. అవతలి వైపు మాట కూడా ఒకటి వినండి మేడమ్. వెనక గేటు పోవడానికి కారణం బిల్డర్ దురాశే కానక్కర్లేదు. మన వైపు ఊరి బయట భూముల్లో పట్టా భూమి పక్కనే డీకేటీ (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) ముక్క ఉంటుంది, వంక పోరంబోకు ఉంటుంది. మొదటి ప్లాన్ గీసేటప్పుడు పాత ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) చూసి రోడ్డు గీస్తారు. తీరా సర్వేయర్ వచ్చి కొలిస్తే గేటు అవతల దారి డీకేటీలో పడిందని తేలుతుంది. అప్పుడు ఆ దారి చూపిస్తే ఆఫీసులో ఒప్పుకోరు, రోడ్డు తీసేసి ఖాళీ స్థలం కింద వేయక తప్పదు. అలాంటివి నేనే గీశాను. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే గేటు తిరిగి రాదు.

పార్కులో ఎనిమిది ఇళ్లకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. రేట్లు పెరిగాయి, ఆయన లెక్క వేసుకున్నాడు, అంతే.

ఇంకొకటి. మంజూరు ఇచ్చేటప్పుడు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేదాకా బిల్టప్ ఏరియాలో కొంత భాగం ఆఫీసుకు తనఖా పెట్టించుకుంటారు. పాత ప్లాన్‌లో ఏ ఇళ్లు తనఖాలో ఉన్నాయి, కొత్తదాంట్లో ఏవి ఉన్నాయి చూడండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి పోల్చుకుంటే మీ ఇల్లు అందులోకి జారిందో లేదో తెలుస్తుంది.

లెక్కల టీచర్

సార్, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మా వాట్సాప్ గ్రూపులోనే ఉంది, నేనే అలా ఆలోచించలేదు. బెంగళూరులో వ్యాపారం చేసే ఒక కుటుంబానికి ఇక్కడ ఏడు ఇళ్లున్నాయి. తండ్రి పేరున రెండు, భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ల పేర్లతో ఒక్కోటి. మొదటి రోజే సంతకం పెట్టింది వాళ్లే, ఏడు ఇళ్లకూ.

బిల్డర్ లెక్క: 33 ఇళ్లు, 22 సంతకాలు, కచ్చితంగా మూడింట రెండొంతులు. మీరు చెప్పినట్టు వేస్తే ఆ ఏడిళ్లూ కలిసి ఒక్కరే. కొన్నవాళ్లు 27 మంది అవుతారు. కావాల్సింది 18. సంతకం పెట్టిన వాళ్లు 22లో ఆరు పోగా 16. ఇద్దరు తక్కువ. మా ఆయనకు వేసి చూపిస్తే “ఇంకోసారి చెయ్యి” అన్నారు, చేశాను, అదే వచ్చింది. రేపు ఇంకో ఇద్దరి ఇళ్లకు చిమ్నీ పంపిస్తే ఏమవుతుందో ఆలోచించాను. మంజూరు తేదీ దాటిపోయింది కాబట్టి ఇప్పుడు పెట్టే సంతకం ‘ముందే’ కాదు కదా?

ఎల్టీపీ గారూ, 22ఏ జాబితా చూశాను. మీరన్నది నిజమే, గేటు అవతల నంబరు అందులో ఉంది. గేటు మీద నా కోపం కొంచెం తగ్గింది. మాకు బ్రోచరులో రెండు గేట్లు చూపించి అమ్మినప్పుడు ఆ ముక్క డీకేటీ అని వాళ్లకు తెలియదంటే మాత్రం నమ్మను.

వంక వెడల్పు కూడా కొలిచాం. ఎనిమిది మీటర్ల లోపే ఉంది, ప్లాన్‌లో చూపించిన దానికి దగ్గరగానే ఉంది. సార్ చెప్పినట్టు ఆ పాయింటు వదిలేశాను.

ఒక భయం ఉంది. మా అగ్రిమెంటులో ఒక లైను కనబడింది. ‘ప్రమోటర్ అవసరాన్ని బట్టి ప్లాన్‌లో మార్పులు చేసుకోవచ్చు, అందుకు కొనుగోలుదారు ఇందుమూలంగా సమ్మతిస్తున్నారు’ అని. పదిహేను పేజీల తరువాత, కరెంటు మీటరు డిపాజిట్ పక్కన ఉంది. దీంతో అంతా అయిపోయినట్టేనా?

చిత్తూరు వకీలు

మేడమ్, ఆ లైను ప్రతి అగ్రిమెంటులోనూ ఉంటుంది, ప్రతి బిల్డరూ దాన్నే చూపిస్తాడు. ఏ మార్పు, ఎక్కడ, ఎంత అన్నది తెలియకుండా ముందుగానే గంపగుత్తగా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద బొంబాయి హైకోర్టు 2010లోనే చెప్పింది. మార్పు ఏమిటో పూర్తిగా చూపించి, అప్పుడు తీసుకోవాలి. మన రెరాను అది నేరుగా కట్టేయదు, వాదనకు మాత్రం బాగా పనికొస్తుంది. పైగా ఆ లైనుతోనే పని అయిపోయేదైతే మీ బిల్డర్ ఇంటింటికీ చిమ్నీలు ఎందుకు పంచుతాడు? ఈ మాటే ఫిర్యాదులో రాయండి.

మీరు అడిగిన ‘ముందే’ సంగతి, అవును. తరువాత తెచ్చిన సంతకాలను అతను జతచేస్తాడు, మీరు తేదీలు చూపించాలి. భూయజమాని వాటా కింద ఇళ్లు ఏవైనా ఉంటే, వాటిని అమ్ముకుంటున్న భూయజమాని కూడా ప్రమోటరేనని చట్టంలోని నిర్వచనం పట్టుకుని వాదించవచ్చు. ఆయన సంతకం 16లో ఉంటే అదీ పోతుంది.

బ్యాంకుకు ఈ వారమే రాయండి. పాత ప్లాన్ మీద సాంక్షన్ చేసిన లోన్, ప్లాన్ మారింది, మా ఒప్పుకోలు లేదు, తరువాతి విడతకు ముందు టెక్నికల్ రిపోర్టు మళ్లీ తెప్పించండి అని. వాళ్లకూ తమ తాకట్టు విలువ మీద టెన్షన్ ఉంటుంది, కదులుతారు. ఈఎంఐ మాత్రం ఆపొద్దు. బిల్డర్ మీద కోపంతో మీ సిబిల్ పాడుచేసుకున్న వాళ్లను చాలామందిని చూశాను. వీధిపోటు గురించి ఫిర్యాదులో రాయకండి. ఆ రోడ్డు మీ గేటు మీదికి వస్తుందని, హెడ్‌లైట్లు ఇంట్లోకి కొడతాయని రాయండి, అదే సంగతి.

పార్కు పక్క 31

టీచర్ గారూ, నేను మీ ప్రాజెక్టులోనే, 31వ ఇల్లు. ఉద్యోగం హైదరాబాద్‌లో. మీ లెక్క చూశాక ఉండబట్టలేక రాస్తున్నా. ఆ పదహారు మందిలో నేనూ ఉన్నాను. నాకు ఈమెయిల్‌లో ఒక పేజీ పంపారు, ‘సవరించిన ప్లాన్‌కు అభ్యంతరం లేదు’ అని ఒకటే వాక్యం. ప్లాన్ జతచేయలేదు. అడిగితే ఎలివేషన్ రంగులు మారుస్తున్నామన్నారు. తేదీ వేసే చోటు ఖాళీగా వదిలేయమన్నారు. చిమ్నీ ఇంకా రాలేదు. నా సంతకం వెనక్కి తీసుకోవచ్చా?

రిటైర్డ్ టీపీ

31 గారూ, ఆ ఈమెయిల్ తొలగించకండి, తేదీతో సహా దానికి ప్రింటు తీసుకోండి. ప్లాన్ చూపించకుండా, రంగుల పేరు చెప్పి, తేదీ ఖాళీగా పెట్టించుకున్నారని, మీ సమ్మతిని ఉపసంహరించుకుంటున్నారని బిల్డర్‌కు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో పంపండి. అదే ఉత్తరం నకలు మంజూరు చేసిన ఆఫీసుకూ, రెరాకూ. వెనక్కి తీసుకోవడం చెల్లుతుందా లేదా అన్నది రెరా తేలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, సంతకాలు ఎలా తీసుకున్నారో చెప్పే సాక్షి మీరు. టీచరమ్మ ఫిర్యాదులో మీరూ ఒక ఫిర్యాదిదారుగా చేరండి.

లెక్కల టీచర్

31 గారూ, మీకు మెసేజ్ పెట్టాను. మిగతా పదిహేను మందిలో ఎవరికి ప్లాన్ చూపించారో, ఎవరికి రంగుల కథ చెప్పారో గ్రూపులో అడగకండి, బిల్డర్ మనిషి అందులో ఉన్నాడు. ఒక్కొక్కరికీ ఫోన్ చేద్దాం. ఆర్టీఐ అర్జీ ఈ రాత్రికి రాసేస్తాను, సార్, అందులో మీరు చెప్పిన వాటితో పాటు సమ్మతి పత్రాల మీద ఉన్న తేదీలు అని ఇంకో లైను కలుపుతున్నాను, సరిపోతుందా?

రిటైర్డ్ టీపీ

‘తేదీలు’ అని కాదమ్మా, ‘సమ్మతి పత్రాల సర్టిఫైడ్ నకళ్లు, అవి ఆఫీసుకు అందిన ఇన్‌వార్డ్ నంబరు, తేదీ’ అని రాయండి. పత్రం మీద తేదీ ఎవరైనా తరువాత వేసుకోవచ్చు, ఇన్‌వార్డ్ నంబరును వెనక్కి జరపడం కష్టం.